ఎనిమిదిన్నర వాన

అమీర్‌పేట,
జూలై 6.

ఇందుమూలంగా అమీర్‌పేట మెట్రో స్తంభాలకు, షేర్ ఆటోలకు, హాస్టల్ కిటికీల్లో ఆరే సాక్సులకు, ఈ పేటలోని యావన్మంది పావురాలకు తెలియజేయడమేమనగా: రిటైర్డ్ సైన్సు టీచరు జీవమణి గారు తమ కుమార్తె సెరీనా పురుటి నిమిత్తం హనుమకొండకు దయచేసినందున, మేడ మీది వాన కొలిచే గొట్టంపై సర్వాధికారాలు ఆమె ఏకైక తమ్ముడు, ఇంటర్ మూడుసార్లు తప్పిన దయారత్నానికి దఖలు పడినవి. ఇకమీదట ప్రతి చినుకూ గొట్టంలోనే పడవలెను. పక్కన పడిన చినుకులకు గుర్తింపు ఉండదు. ఉదయం ఎనిమిదిన్నర దాటాక పడే వాన, తాను ఈ రోజు వాననని ఎంత మొత్తుకున్నా, రేపటి వానగానే పరిగణించబడును.

అక్కా, వందనాలు.

పై ఫర్మానాను మన జిరాక్సు కొట్లోనే కాపీ తీసి తలుపుకు అంటించాను. ఇద్దరు కోచింగ్ పిల్లలు చదివి, ఇదేదో కొత్త కోర్సు అనుకుని డెమో క్లాసు ఎప్పుడని అడిగారు.

యాభై రెండేళ్ల వయసులో నీకు ఉత్తరం రాస్తున్నానంటే అది నా నంబరు బ్లాక్ చేసిన నీ చలవ. కిందటేడు వాతావరణ కార్యాలయం వాళ్లమని గొంతు మార్చి ఫోన్ చేసి, రాబోయే తుపానుకు 'జీవమణి' అని పేరు పెడుతున్నామన్నది నేనే. ఒప్పుకున్నాను. కానీ ఆ ముక్క పట్టుకుని ఆదివారం చర్చిలో సంఘం ముందు లేచి నిలబడి సాక్ష్యం చెప్పమని నేనన్నానా? "ఇకనుంచి నీ మాట కాగితం మీద సంతకంతో ఉంటేనే నమ్ముతాను" అన్నావు. ఇదిగో కాగితం, అదిగో సంతకం. వారం వారం వాన షీటుతోపాటు కొరియర్‌లో వస్తాయి.

పని సంగతి. నువ్వు గోడకు అంటించి వెళ్లిన పదకొండు సూచనలూ చదివాను. ఎనిమిదిన్నరకు మేడ ఎక్కడం, గొట్టంలో నీటిమట్టానికి కన్ను సమానంగా పెట్టి అంకె చూడడం, మీ వాన వాలంటీర్ల సైటులో ఆ అంకె కొట్టడం, షీటులో రాయడం, నీళ్లు పారబోయడం. మూడు నెలల్లో జావా నేర్పే పేట ఇది, ఒక్క గొట్టం నాకు రాదా? కంటికి సమానంగా అన్నావు కదా అని మోకాళ్ల మీద కూర్చున్నాను. పై అంతస్తులో ఆడపిల్లల హాస్టల్ నడిపే చంద్రమ్మ వచ్చి, "ఏందన్నా, పొద్దుగాల్నే మేడ మీద ప్రార్థన జేస్తున్నవ్? కిందికెల్లి జేస్తే ఇనబడ్తలేదా మీ దేవునికి?" అంది.

ఈ వారం మూడో తారీఖున 7.2 మిల్లీమీటర్లు. మిగతా ఐదు రోజులూ వాన లేదు. లేని వాన గురించి రాసి కాగితం ఖరాబు చేయడమెందుకని ఖాళీగా వదిలేశాను.

ఇట్లు,
వాన శాఖ తాత్కాలిక ఇన్‌చార్జి,
దయారత్నం


హనుమకొండ,
జూలై 9.

తమ్ముడు దయారత్నానికి, ప్రభువు నామంలో ఆశీస్సులు.

ముందు శుభవార్త. సోమవారం ఉదయం సెరీనాకు అబ్బాయి పుట్టాడు. మూడు కిలోల నూటయాభై. నేతన్ అని పేరు పెట్టారు. తల్లీబిడ్డా క్షేమం. అల్లుడు ప్రేమ్ సాగర్ మాత్రం ఇంకా తేరుకోలేదు.

ఇక నీ ఘనకార్యం. ఒరే, సున్నా వేరు, ఖాళీ వేరు. సున్నా అంటే ఒక మనిషి మేడ ఎక్కి చూశాడు, వాన పడలేదు అని. ఖాళీ అంటే అసలు మనిషే లేడని. ముప్పై ఏళ్లు ఊరి పిల్లలందరికీ పాఠాలు చెప్పి, ఇంట్లో ఒక్కడికి ఇది చెప్పడం మరిచాను.

మా వాలంటీర్లందరి అంకెలూ సరిచూసే చలపతిరావు గారు నిన్న ఫోన్ చేశారు. "ఏంటండీ మేడమ్ గారూ, ఇన్నేళ్లలో మీ దగ్గర ఒక్క ఖాళీ చూడలేదు, ఒక్క వారంలో ఐదేంటండీ?" అన్నారు. ఆసుపత్రి వరండాలో నిలబడి, కనుక్కుని చెబుతానన్నాను.

నీకు నవ్వులాటగా ఉంటుంది. ఆగస్టు 31తో పదేళ్లు నిండుతాయి. మూడువేల ఆరువందల పైచిలుకు రోజులు. ఒక్కటి ఖాళీ లేదు, ఒక్కటి ఊహించి రాసింది లేదు. మీ బావ భూస్థాపన రోజున కూడా ఎనిమిదిన్నరకు మేడ ఎక్కాను. చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. ఆ పూట నాకు చేతనైన పని అదొక్కటే. ఆ రోజు 11.8.

పది రోజుల్లోపు సరిదిద్దుకోవచ్చట. ఆ ఐదు రోజులూ నువ్వు నిజంగా మేడ ఎక్కి ఉంటేనే సున్నాలు పెట్టు. ఎక్కకపోతే చెప్పు, ఖాళీగానే ఉండనీ. దొంగ అంకె కంటే ఖాళీ నయం.

మోకాళ్ల మీద ఎలాగూ కూర్చుంటున్నావు. ఆ చేత్తోనే కాస్త ప్రార్థన కూడా చేసుకో.

అక్క,
జీవమణి


అమీర్‌పేట,
జూలై 13.

అక్కా,

నన్ను యాభై రెండేళ్లకే తాతను చేసిన సెరీనాకు శుభాకాంక్షలు. మూడు కిలోల నూటయాభై అని రాశావు. తూకం ముల్లుకు కన్ను సమానంగా పెట్టి చదివారా? ఇంతకీ వాడు ఎనిమిదిన్నరకు ముందు పుట్టాడా, తర్వాతా? తర్వాతైతే మీ సైటు పద్ధతిలో వాడు మంగళవారం పుట్టినట్టు. జాగ్రత్తగా రాయించండి.

ఐదు సున్నాలూ పెట్టేశాను. ఐదు రోజులూ ఎక్కాను, చూశాను, చంద్రమ్మ సాక్షి. బళ్లో నాకు సున్నా వచ్చిన ప్రతిసారీ నాన్న బెత్తం వెతికేవాడు. అదే సున్నా ఇప్పుడు పెడితే "ధన్యవాదాలు, మీ పరిశీలన అందింది" అని ఫోన్లో పచ్చటి టిక్కు వస్తోంది. నేను పుట్టాల్సిన కాలం ఇది. తొందరపడి ముందే పుట్టాను.

చంద్రమ్మకు మాత్రం ఈ విద్య అంతుపట్టడం లేదు. నిన్న బట్టల బకెట్టు చంకన పెట్టుకుని నా ముందు నిలబడింది.

"వాన వడలే గదన్నా, మళ్ల ఎందుకెక్కినవ్?"

"పడలేదని రాయడానికి."

"వడలేదని మాకు తెల్వదా?"

"నీకు తెలుసు వదినా. సైటుకు తెలియదు."

"గట్లనా! అయితె మా హాస్టల్ల ఇయ్యాల కూర సుత లేదు. గదీ రాయి."

ఇక ఆదివారం సంగతి. ఎనిమిదిన్నరకు గొట్టం చూడాలి కాబట్టి మొదటి ఆరాధనకు వెళ్లలేకపోతున్నానని పాస్టరు గారికి మనవి చేశాను. పదింటికి రెండో ఆరాధన ఉందని ఆయన నవ్వుతూ గుర్తుచేశారు. పగబట్టినట్టు అంత నవ్వెందుకో.

ఇట్లు,
సున్నాల సుబేదార్,
దయారత్నం


హనుమకొండ,
జూలై 22.

దయా,

నిన్న పొద్దున చలపతిరావు గారు మళ్లీ ఫోన్ చేశారు. సోమవారం ఉదయానికి హైదరాబాద్ మొత్తం సున్నా. పంజాగుట్ట సున్నా, ఖైరతాబాద్ సున్నా, మన మేడ మీద మాత్రం 6.4! "మేఘాన్ని మీ ఒక్క మేడకే బేరమాడుకున్నారా అండీ?" అని ఆయన అన్నారు. ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

బకెట్టుతో పోశావా, మగ్గుతోనా? మూడు వారాలు ఓపిక పట్టేసరికి చేతులు దురద పెట్టాయా? నా థర్మామీటరును నాన్న టీ గ్లాసులో ముంచి, ఇంటిల్లిపాదికీ నూట ఎనిమిది జ్వరమని చాటింపు వేసినవాడివి. నీ చేతికి గొట్టం ఇవ్వడం నాదే బుద్ధితక్కువ.

నిజం రాయి. అలంకారాలు వద్దు.

జీవమణి


అమీర్‌పేట,
జూలై 24.

అక్కా,

బకెట్టూ కాదు, మగ్గూ కాదు. దుప్పట్లు.

సోమవారం పొద్దున మేడ ఎక్కితే ఆకాశం ఇస్త్రీ చేసినట్టుంది, గొట్టంలో మాత్రం నీళ్లున్నాయి. నాకూ అనుమానం వచ్చింది. కానీ నీ ఏడో సూచన ఏమిటి? "ఉన్నది ఉన్నట్టు రాయాలి, సొంత తెలివి వాడరాదు." నాకు ఇంతకంటే అనువైన సూచన ఈ జన్మలో ఎవరూ ఇవ్వలేదు. 6.4 ఉంది, 6.4 రాశాను. నీళ్లు కొంచెం నురగ కట్టిన మాట, నిమ్మకాయ సబ్బు వాసన వచ్చిన మాట వాస్తవం. అమీర్‌పేటలో వాన ఇలాగే ఉంటుంది కాబోలు, ఇన్నాళ్లూ మనం వాసన చూడలేదు అనుకున్నాను.

నీ ఉత్తరం వచ్చాక విచారణ మొదలుపెట్టాను. చంద్రమ్మను అడిగితే కుండ బద్దలు కొట్టినట్టు చెప్పింది.

"కొత్త తీగ గట్టిన అన్నా. ఐతారం పిల్లలు దుప్పట్లు ఆరేసిండ్రు. గాలికి జరిగి నీ గొట్టం మీదికొచ్చినట్టున్నయ్. గిదేమన్న నేరమా?"

"నేరం కాదు వదినా, 6.4 మిల్లీమీటర్లు."

చలపతిరావు గారికి ఫోన్ చేసి అంతా విన్నవించాను. ఆయన రెండు నిమిషాలు ఆపకుండా నవ్వారు. "వాన కాదు, దుప్పటి నీళ్లు" అని పక్కన రాసుకుని, ఆ రోజుకు సున్నా పెట్టారు. మీ పదేళ్ల చరిత్రలో దుప్పట్లకు చోటు దొరకడం ఇదే మొదలట. తీగను పది అడుగులు అవతలికి జరిపించాను.

ఒక్క మాట. నువ్వు అడగకముందే తీర్పు ఇచ్చేశావు. అది కొంచెం గుచ్చుకుంది. ఎక్కువేం కాదు, ఒక 0.2.

ఇట్లు,
నిర్దోషిగా విడుదలైన
దయారత్నం


అమీర్‌పేట,
ఆగస్టు 10.

అక్కా,

ఈ వారం షీటు జతచేశాను. విశేషాలేమీ లేవు. నేతన్‌కు ముద్దులు.

దయారత్నం


హనుమకొండ,
ఆగస్టు 15.

దయా,

నీ కిందటి ఉత్తరం మూడు ముక్కలే ఉంటే నీకు ఒంట్లో బాగాలేదేమోనని హడలిపోయాను. ఇక్కడి సంఘంలో నీ కోసం ప్రార్థన కూడా చేయించాను. నిన్న సైటు చూశాక నీ ఆరోగ్యానికి ఏ లోటూ లేదని తెలిసింది.

నూట పద్దెనిమిదిన్నర పైన! 118.6! ఆ గురువారం ఉదయానికే ఖైరతాబాద్‌లోని ఆటోమేటిక్ మిషను 61 చూపించింది. రెండు కిలోమీటర్లలో వాన రెట్టింపు అవుతుందా? చలపతిరావు గారు మన అంకె పక్కన ఎర్ర గుర్తు పెట్టేశారు. అది తొలగకపోతే ఆ రోజు లేనట్టే. పదేళ్లకు ఇంకా పదహారు రోజులుంది.

దుప్పట్ల విషయంలో నిన్ను అనవసరంగా అన్నానని బాధపడ్డాను. ఆ బాధను అలుసుగా తీసుకున్నావా? నేను పోయాక ఇంట్లో మిగిలేది నా నగలు కాదు, చీరలు కాదు, ఈ అంకెలే. నీకు ఒక పూట నవ్వు కోసం వీటిని తవ్వి పోశావు.

మేడ తాళం చెవి చంద్రమ్మకు ఇచ్చెయ్. ఆమె చూస్తుంది.

జీవమణి


అమీర్‌పేట,
ఆగస్టు 18.

జీవమణి గారికి,

గారు అన్నాను, గమనించాలి. నాకూ కోపం వస్తుంది, ఆదివారాలు మినహా.

తాళం చెవి ఇవ్వబోతే చంద్రమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. "నాకెందుకన్నా! రేపు నన్ను సుత దొంగంటది మీ అక్క" అంది. కాబట్టి గొట్టం ఇంకా నా చేతిలోనే ఉంది. రోజూ చూస్తున్నాను. తిట్లు తింటూ చూస్తున్నాను.

బుధవారం సాయంత్రం ఆరింటికి మొదలైంది. అది వాన కాదక్కా, పైనుంచి ఎవరో ట్యాంకర్ తిరగేశారు. అరగంటలో కొట్లోకి మోకాలి లోతు నీళ్లు. బైండింగుకు పెట్టిన రెజ్యూమేలు నీళ్ల మీద తేలాయి. ఒక విచిత్రం చెప్పనా? ఐదేళ్ల అనుభవం ఉందని బొంకినవాళ్ల రెజ్యూమేలే ముందు తేలాయి. ఏ అనుభవమూ లేదని రాసుకున్న పాపం పసివాళ్లవి అడుగున ఉండిపోయాయి. షేర్ ఆటోలు మైత్రీవనం దగ్గర పడవల్లా నిలబడ్డాయి.

పొద్దున ఎనిమిదిన్నరకు మేడ ఎక్కితే లోపలి గొట్టం నిండి పొర్లి, బయటి గొట్టంలోకి చేరింది. నీ తొమ్మిదో సూచన ప్రకారం పొర్లిన నీళ్లను లోపలి గొట్టంలో పోసుకుంటూ కొలిచాను. అది ఒకసారి నిండితే ఇరవై ఐదు మిల్లీమీటర్లు. చంద్రమ్మ పక్కన నిలబడి గట్టిగా లెక్కపెట్టింది: "నాలుగు నిండినయ్. ఐదోది సగం దాటింది." నాలుగు ఇరవై ఐదులు నూరు, పైన 18.6. ఇంటర్ తప్పినా ఇంతవరకు కూడడం వచ్చు. చంద్రమ్మ వాంగ్మూలం ఆమె సంతకంతో జతచేశాను. అందులో ఆఖరి వాక్యం నేను రాయించింది కాదు: "గీ అన్న మస్తు అబద్ధాలు ఆడుతడు గానీ గీ వాన నిజమే."

చిన్నప్పటి నుంచి చేసిన అల్లరికి ఫలితమిది. నేను నిజం చెప్పినా జనం నా వెనకాల బకెట్టు కోసం వెతుకుతారు.

ఇట్లు,
ముద్దాయి


హనుమకొండ,
ఆగస్టు 25.

నా ప్రియమైన తమ్ముడు దయాకు,

క్షమించు. ఇంతకు మించి అలంకారం నాకూ రాదు.

పంజాగుట్టలో ఉండే అరుణాదేవి గారు కూడా మాలాంటి వాలంటీరే. ఆ వానకు వాళ్ల వీధిలో కరెంటు, నెట్టు రెండూ పోయి ఆమె అంకె ఆలస్యంగా చేరింది. 112.4. ఆ వాన మన మీదా వాళ్ల మీదా కుమ్మరించి, ఖైరతాబాద్‌కు వెళ్లేసరికి నీరసించింది. చలపతిరావు గారు ఎర్ర గుర్తు తీసేశారు. "మీ తమ్ముడు గారికి నా తరఫున సారీ చెప్పండి మేడమ్" అన్నారు. నీకు అలాంటి ఉత్తరం రాసినందుకు నేతన్‌ను ఎత్తుకుని ఏడ్చాను. వాడు నా మీదే ఉచ్చపోశాడు. కొలవలేదు.

ఇంకో సంగతి. ఎలాగూ మొదలుపెట్టాను కదా అని ఆయన జూలై నుంచి నీ షీట్లన్నీ సైటుతో సరిపోల్చి చూశారు. ఒక్క తేడా లేదట. ఆగస్టు తొమ్మిది చూపించి మరీ మెచ్చుకున్నారు. ఆ రోజు పంజాగుట్ట 2.2, ఖైరతాబాద్ 2.6, మనది సరిగ్గా మధ్యన 2.4. "పెద్ద వాన ఎవరైనా కొలుస్తారండీ, ఇంత చిన్న వానను ఇంత జాగ్రత్తగా కొలవడమే పనితనం" అన్నారు.

31న ఆన్‌లైన్‌లో సమావేశం. నూట నలభై మంది వాలంటీర్లు ఉంటారు. పదేళ్లు ఒక్క రోజూ తప్పని కేంద్రంగా మన మేడను ప్రకటిస్తారు. నన్ను మాట్లాడమన్నారు. నా గురించి ఏం చెప్పుకుంటాను? నీ గురించే చెబుతాను. నేను లేని రెండు నెలల్లో నా తమ్ముడు రాసిన ప్రతి అంకెకూ నేను పూచీ అని, అందరూ వేళాకోళం చేస్తాడనుకునే మనిషి ఒక్క అబద్ధం కూడా రాయలేదని. నువ్వూ రెండు మాటలు చెప్పాలి. గొంతు మార్చకుండా.

నీ నంబరు బ్లాకు తీసేశాను. ఫోన్ చెయ్.

ప్రేమతో,
అక్క


అమీర్‌పేట,
ఆగస్టు 27.

అక్కా,

నంబరు తెరిచావు, సంతోషం. అయినా కాగితం మీదే రాస్తున్నాను. ఈ మాట ఫోన్లో చెబితే ఇదొక వేషమనుకుని పెట్టేస్తావు.

నువ్వు తిట్టినన్నాళ్లూ నేను హాయిగా ఉన్నాను. చేయని తప్పుకు తిట్లు తినడంలో ఒక దర్జా ఉంది. నడక కూడా మారుతుంది. మొన్న పొగిడావు. అప్పటినుంచి అన్నం సయించడం లేదు. చంద్రమ్మ పళ్లెం చూసి, "ఏమాయెనన్నా, కడుపుల సుత సున్నా వెట్టుకున్నవా?" అంటోంది.

మన కొట్లో ఫొటోలు లామినేషన్ చేయించుకునే ఓదెలు ఉన్నాడు. కృష్ణానగర్ మనిషి, టీవీ సీరియళ్లలో చిన్న వేషాలకు జనాన్ని తోలుతుంటాడు. ఆగస్టు ఎనిమిదిన వచ్చి నా మొహంలోకి అలా చూస్తూ నిలబడ్డాడు.

"అన్నా, రేపొక వేషముంది. నువ్వయితె సరిగ్గ సరిపోతవ్."

"నాకు యాక్టింగ్ రాదు కదరా."

"అందుకే సరిపోతవంటున్న. శవం అన్నా. మాటల్లేవ్, ఏడ్సుడు లేదు. కండ్లు మూసుకోని పండుకుంటె సాలు. పొద్దుగాల ఐదింటికి పోతె ఎనిమిదికల్ల ఇంట్ల ఉంటవ్, ఫికర్ జెయ్యకు."

నువ్వు ఎప్పుడో టీవీ పెట్టి, పాడె మీద నన్ను చూసి కెవ్వుమనాలని నా ఎత్తు. అంతే. అంతకంటే గొప్ప కారణమేదీ లేదు, ఉంటే బాగుండేది.

తెల్లవారుజామున ఆటోలో పోతుంటే నాలుగు చినుకులు పడ్డాయి. ఏడింటికి నన్ను పాడె మీద పడుకోబెట్టి దండలు వేశారు. కోడలి వేషం వేసిన అమ్మాయికి కన్నీళ్లు రావు. గ్లిజరిన్ వేస్తారు, నవ్వుతుంది. మళ్లీ వేస్తారు, మళ్లీ నవ్వుతుంది. నా మొహమే కారణమట. అలా ఎనిమిదిన్నర అయింది. నీ కోసం పెట్టుకున్న అలారం తెల్లగుడ్డలో గణగణ మోగింది. "శవం దగ్గర ఫోనెవడిదిరా?" అని డైరెక్టరు కేకేశాడు. శవం లేచి, వాన కొలిచి వస్తానంటే ఊరుకునేలా లేడు. తొమ్మిదైనా వదల్లేదు, గుడ్డ చాటునే ఫోన్ తీశాను. సైటులో పక్క పేటల అంకెలు అప్పటికే వచ్చి ఉన్నాయి. రెండూ చూశాను. నడిమి అంకె కొట్టాను. పచ్చటి టిక్కు వచ్చింది. కళ్లు మూసుకున్నాను.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం మూడు. పరిగెత్తుకుంటూ మేడ ఎక్కాను. అసలు అంకె చూసి దిద్దేద్దామని. గొట్టం ఖాళీ. చంద్రమ్మ మిరపకాయలు ఎండబోస్తోంది.

"నువ్వు రాలేదు గదన్నా, నేనే పారబోసిన. నీకు సాయం జేద్దామని."

"ఎంత ఉండె వదినా?"

"జరంత ఉండె."

"జరంత అంటే ఎంత?"

"జరంత అంటె జరంతనే. నీళ్లకు సుత లెక్కజెప్పాల్నా?"

మర్నాడు నీకు ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. నాలుగు కాగితాలు చింపాను. ఐదోది నీకు అందింది, విశేషాలేమీ లేవని. ఆ మూడు ముక్కలు చూసి నువ్వు నా కోసం ప్రార్థన చేయించావు. ఆ సంగతి చదివిన రోజే చెప్పాల్సింది. కానీ అదే ఉత్తరంలో నువ్వు 118.6కి నన్ను దొంగను చేశావు, నాకు వంక దొరికింది.

అక్కా, నువ్వు నూట నలభై మంది ముందు నాకు పూచీ పడకూడదు. ముప్పై ఒకటిన ఏం చెబుతావో నీ ఇష్టం. చలపతిరావు గారికి నన్నే చెప్పమంటే నేనే చెబుతాను, నా గొంతుతోనే. నంబరు మళ్లీ బ్లాక్ చేసినా పడతాను.

ఐదు సున్నాలూ మోకాళ్ల మీద చూసినవే. దుప్పట్ల 6.4 గొట్టంలో నిజంగా ఉంది. 118.6 అక్షరాలా పడింది. నువ్వు అనుమానించినవన్నీ నిజాలే. ఆగస్టు తొమ్మిదిన మన మేడ మీద పడిన వాన మాత్రం జరంత. ఎంతో ఇక దేవుడికే తెలియాలి, చంద్రమ్మకు కూడా తెలియదు. మీరందరూ మెచ్చుకున్న ఆ 2.4 ఉంది చూశావూ, అది పాడె మీద పడుకుని పూర్తిగా నేను కల్పించింది.

దయారత్నం